గాలికి జాగ

నా జవాబు సరైనది. దానికి సున్నా వేశారు.

మూసి ఉంచిన వాయువు పీడనానికీ ఘనపరిమాణానికీ ఉన్న సంబంధం రాయమని ప్రశ్న. రెండు మార్కులు. నేను రాసింది అక్షరం మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను. చదివేవాళ్లే చూసుకోండి.

"మూసిపెట్టిన గాలికి జాగ తక్కువ చేస్తే ఒత్తుడు పెరుగుతది. జాగ సగం చేస్తే ఒత్తుడు రెండింతలు అయితది. జాగ రెండింతలు చేస్తే ఒత్తుడు సగం అయితది. అయితే గాలి బయటికి పోవద్దు, వేడి మారొద్దు. జాగను ఒత్తుడుతోని గుణిస్తే ఎప్పుడు చూసినా ఒకటే లెక్క వస్తది."

ఇందులో తప్పేదో చూపించండి. గాలి బయటికి పోకూడదని కూడా రాశాను, వేడి మారకూడదని కూడా రాశాను. పుస్తకం బట్టీపట్టి రాసేవాళ్లలో సగం మంది ఆ రెండూ మరిచిపోతారు. పేపరు దిద్దినాయన ఇవేవీ చూడలేదు. 'జాగ' అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, పక్కన "ఎవరి జాగా?" అని రాశాడు. మార్కుల గళ్లో సున్నా పెట్టాడు. పదో తరగతి సైన్సులో సరిగ్గా ఆ రెండు మార్కుల దగ్గరే నేను తప్పాను. అప్పటికి నాకు యాభై ఆరేళ్లు.

ఆ వయసులో పదో తరగతి ఏమిటని అడుగుతారు. మొదటిసారి తెలంగాణ కావాలని బళ్లు మూతపడినప్పుడు నేను జనగామలో తొమ్మిదో తరగతి. అరవై తొమ్మిది. ఊరేగింపులో నేనూ ఉన్నాను, కాబట్టి ఎవరినీ అనను. చదువు ఏడాది పోయింది. బళ్లు తెరిచారు, బాపు నన్ను మాత్రం మళ్లీ తోలలేదు. కొన్నాళ్లు వ్యవసాయం, కొన్నాళ్లు కూలి. మీసం గట్టిపడ్డాక బజారులో ఒక సైకిల్ షాపులో కుదిరాను. షాపు పెద్దను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన బడి మెట్టు ఎక్కని మనిషి. నాకు ఫిజిక్సు చెప్పిన మొదటి గురువు ఆయనే.

పంపులో తోలు వాచర్ ఎండిపోతే నూనె పెట్టి, పనిచేస్తోందో లేదో చూడాలి. దానికి ఆయన పద్ధతి ఒకటి ఉండేది.

"మూతికి బొటనేలు పెట్టు. గట్టిగ. ఇప్పుడు నూకు."

నూకాను. పిడి సగం దాకా సులువుగా దిగింది. తర్వాత మొండికేసింది. ఇంకొంచెం బలం పెడితే బొటనవేలు మీద నుంచి గాలి చీదినట్టు బయటికొచ్చింది.

"ఏంది, పొద్దున తినలేదా?"

"పోతలేదు ఉస్తాద్. లోపట గాలి ఉన్నది."

"ముందుగాల సుత గాలే ఉండె కదా. అప్పుడెట్ల పోయింది?"

ఆయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

"జాగ, బేటా. దానికి జాగ తక్కువైంది. నిన్నూ ఇంకో పదిమందినీ గీ షాపుల దోపి షట్టర్ గుంజితే ఊకుంటవా? నూకుతవ్. గాలి సుత గంతే. ఎంత ఇరుకు చేస్తే అంత నూకుతది."

అప్పటి నుంచి నాకు గాలి అంటే జాగే. ఆ మాటను నేను కనిపెట్టలేదు, పరీక్షలో ఎవరినో ఎదిరించడానికి తెచ్చిపెట్టుకోనూ లేదు. నా బొటనవేలుకు ముందు తెలిసింది, తర్వాత చెవికి.

పెళ్లయిన కొన్నేళ్లకు మానుకోట చేరాం. ఇంటామెది కురవి పక్కన పల్లె. మహబూబాబాద్ అని కాయితాల మీద ఉంటుంది కానీ, నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ మానుకోట అనే అన్నాను. అక్కడ ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఫిజిక్సు ల్యాబు అటెండరుగా పెట్టుకున్నారు. బెంచీలు తుడవడం, బీరువా తాళాలు, ప్రాక్టికల్స్ రోజున సామాను తీసి పెట్టడం, సాయంత్రం లెక్కచూసి లోపల పెట్టడం నా పని.

ఆ సామానులో ఒక సన్నటి గాజు గొట్టం ఉండేది. ఒక చివర మూత, ఒక చివర తెరిచి ఉంటుంది. లోపల వేలెడు పొడుగు పాదరసం కడ్డీలా నిలబడి ఉంటుంది. దాని వెనక కొంచెం గాలి చిక్కుకుని ఉంటుంది. గొట్టాన్ని పడుకోబెడితే ఆ గాలి ఒక పొడుగు. నిలబెడితే పాదరసం బరువు మీద పడి గాలి పొట్టిదవుతుంది. తలకిందులు చేస్తే బరువు అటు వేలాడి గాలి సాగుతుంది. పిల్లలు స్కేలు పెట్టి చూసుకుని, రాసుకుని పోయేవాళ్లు. వాళ్లు పోయాక నేను ఒక్కణ్నే మళ్లీ పెట్టేవాణ్ని.

ఫిజిక్సు సారు కోస్తా నుంచి వచ్చినాయన. మంచివాడు. బీరువాలో పుస్తకాలు ఇంటికి తీసుకుపోయి చదువుకోనిచ్చేవాడు. తెలుగు మీడియం పుస్తకాలు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, అర్థంకాని చోట పెన్సిలు చుక్క పెట్టుకుని, చుక్కలన్నీ ఆయన్ను అడిగేవాణ్ని. ఒకరోజు అడిగాను.

"సార్, గాలికి ఘనపరిమాణం ఏంది సార్? ఘనం అంటే రాయి, ఇనుము. గాలి ఘనం ఎట్లయితది?"

ఆయన చాలాసేపు నవ్వాడు. "ఆ ఘనం కాదయ్యా. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ గుణిస్తే వచ్చేది. ఎంత చోటు ఆక్రమించిందీ అని."

"అంటే జాగ."

"జాగా అంటే ఇళ్ల స్థలం కదా?"

"అది మీ దిక్కు. మా దిక్కు జాగ అంటే అన్నిటికీ జాగనే. బస్సుల జాగ, కడుపుల జాగ."

"సరే, నువ్వు జాగే అనుకో. గాలికి తెలిసిపోతుందిలే."

పాదరసం గొట్టంతో మూడు రకాలుగా పెట్టి, గాలి పొడుగునూ ఒత్తుడునూ గుణించి చూసిన రోజు నాకు బాగా గుర్తు. మూడుసార్లూ దాదాపు ఒకే అంకె వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ గుణించాను. ఒక వైపు పెరుగుతుంది, ఒక వైపు తగ్గుతుంది, రెండూ కలిసి మాత్రం ఎటూ కదలవు. ఏదో తెల్లదొర పేరు మీద ఆ నియమం ఉంది. నాకు మాత్రం ఆ పూట అది నాకొక్కడికే చెప్పినట్టు అనిపించింది. ఇంటికి పోయి ఇంటామెకు చెప్పాను.

"గుణిస్తే ఒకటే వస్తదా?" అంది.

"ఒకటే వస్తది."

"మంచిదేనాయె. ఇంకేం, కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త."

నాకు పిల్లలు లేరు. ఇంటామె ఒక వానాకాలం జ్వరంతో దవాఖానకు పోయింది, తిరిగి రాలేదు. ఆ తర్వాత కళాశాల వాళ్లు తాళంచెవి నా దగ్గరే ఉంచేవాళ్లు, ఎట్లాగూ అందరికంటే ముందు వచ్చేది నేనే కాబట్టి. ఆదివారం కూడా పోయేవాణ్ని. గదిలో ఎవరూ ఉండరు. గొట్టం నిలబెట్టి, పడుకోబెట్టి, స్కేలు పెట్టి చూసుకునేవాణ్ని. ఎండాకాలం కొంచెం తేడా, చలికాలం కొంచెం తేడా. అదెందుకో నాకు తెలుసు. తెలిసిన సంగతి చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇంటామె ఉన్నప్పుడు ఆమెకు అర్థమయ్యేది కాదు, కానీ "మంచిదేనాయె" అనేది. ఆ మాట చాలు అని అప్పుడు అనుకోలేదు.

ఇట్లా ఉండగా కళాశాల యాజమాన్యం ఒక నోటీసు అంటించింది. ల్యాబులో పనిచేసేవాళ్లకు పదో తరగతి సర్టిఫికెట్ ఉండాలి, లేనివాళ్లు గేటు దగ్గరికి మారాలి. రెండేళ్లు గడువు. జీతం అంతే, కుర్చీ కూడా ఇస్తారు. మిగతావాళ్లు గేటైతేనేమి అనుకున్నారు. నాకు అట్లా కాదు. గేటు దగ్గర గొట్టం లేదు, బీరువా లేదు. నేను దూరవిద్యలో పదో తరగతికి ఫీజు కట్టాను.

తెలుగు, లెక్కలు, సాంఘికం గట్టెక్కాయి. ఇంగ్లీషు ఎట్లా వచ్చిందో దేవుడికే తెలియాలి. సైన్సు నాది. ఆ ఒక్క పరీక్షకు నేను భయపడలేదు. ప్రశ్నపత్రంలో ఆ ప్రశ్న చూసినప్పుడు నవ్వు కూడా వచ్చింది. ఘనపరిమాణం అన్న మాట నాకు తెలియదా? తెలుసు. ప్రశ్నలోనే అచ్చుపడి ఉంది, చూసి రాసినా సరిపోయేది. చెయ్యి పోలేదు. కొంత అలవాటు, కొంత మొండితనం. దాచిపెట్టేది ఏముంది? తెలంగాణ కావాలని మళ్లీ ఉద్యమం లేచింది, ఆ ఏడాది ఊరంతా మన మాట, మన యాస అంటోంది. ఆ ఉద్యమంలోనే మానుకోట రైల్వే స్టేషన్ దగ్గర రాళ్లు పడి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. నా మాటలో నేను రాస్తే తప్పేమిటనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

ఫలితం వచ్చాక సమాచార హక్కు కింద నా పేపరు నకలు అడిగాను. చాలాకాలానికి వచ్చింది. నకలులో ఎర్రసిరా నల్లగా కనిపించింది కానీ అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. ఎవరి జాగా. నాకు ముందు అర్థం కాలేదు. గాలి జాగ, ఇంకెవరి జాగ? తర్వాత అర్థమైంది, అది ప్రశ్న కాదు, ఎగతాళి. ఆ మనిషి ఏ జిల్లావాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. అర్థం కాకపోతే పక్క టేబులు మనిషిని అడగవచ్చు కదా, అదొక్కటే నా బాధ.

నకలు తీసుకుని ఫిజిక్సు సారు దగ్గరికి పోయాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి రెండుసార్లు చదివాడు.

"కరెక్టే కదయ్యా. నూటికి నూరుపాళ్లు కరెక్టు. వేడి సంగతి కూడా రాశావే."

"గదే మాట ఒక కాయితం మీద రాసి సంతకం పెట్టరా సార్? మళ్ల దిద్దుమని దరఖాస్తు పెడుతున్న, దానికి జతచేస్త."

ఆయన ముఖం మారింది. "ఈ రోజుల్లోనా? నేను ఈ ఊళ్లో ఎట్లా ఉంటున్నానో నీకు తెలుసు. పాలవాడితో మాట్లాడాలన్నా ఆలోచించుకుంటున్నాను. నేను రాస్తే ఆఫీసులో అటువాళ్లు ఒకటంటారు, ఇక్కడివాళ్లు ఒకటంటారు. నన్ను లాగకు."

ఆయన మీద నాకు కోపం రాలేదు. పైగా ఆయన చెప్పింది నిజం. ఇక నాకు మిగిలింది మన మనుషులే అనుకున్నాను. మా కళాశాలలోనే తెలుగు చెప్పే సారు తహసీల్ ఆఫీసు ముందు ఉద్యమం టెంటులో రోజూ మాట్లాడేవాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, మంచి గొంతు. సినిమాల్లో మన మాటను రౌడీలకూ పనివాళ్లకూ పెట్టి నవ్వారని, మన జాగ మనకు కావాలని మైకులో అంటుంటే నేను చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను. ఆయన దిగి మంచినీళ్లు తాగుతుండగా కాయితం చేతిలో పెట్టాను.

చదివి పకపకా నవ్వాడు. "ఎవరి జాగా అన్నడా? మంచి పాయింట్ దొరికింది కాకా. గిది మైకుల చెప్తే జనం లేస్తరు."

"మైకుల వద్దు సారు. నాకొక కాయితం రాసియ్యి. జాగ అన్నది తెలుగు మాటనే, అర్థం గిదీ అని. తెలుగు సారు రాస్తే ఎవడు కాదంటడు?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అది ఉర్దూ మాట కాకా. తెలుగని ఎట్ల రాసియ్యాలె?"

"ఇప్పుడే గదా మైకుల మన జాగ అన్నవు."

"అది ఉపన్యాసం. పరీక్షల పుస్తకంల మాటనే రాయాలె. నేను దిద్దినా గట్లనే దిద్దుత."

"సున్నా ఏస్తవా?"

"సున్నా ఎయ్య. అర మార్కు కోస్త." పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు. "పరేషాన్ గాకు కాకా. రాష్ట్రం రానియ్యి, అన్ని సక్కగయితయి."

మర్నాడు మైకులో నా సంగతి చెప్పాడట. ఒక పెద్దాయన, గాలి గురించి రాస్తే, ఆంధ్రా వాడు ఎవరి జాగా అని అడిగాడు, అని. చప్పట్లు ఆగలేదట. నాకు ఆ సంగతి చెప్పినవాడు కూడా సంబరంగా చెప్పాడు. కాయితం మాత్రం ఆయన రాయలేదు.

నేనే దరఖాస్తు రాసి హైదరాబాద్‌లో పరీక్షల ఆఫీసుకు పంపాను. జవాబు లేదు. మళ్లీ పంపాను. రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు, బస్సులు, బళ్లు అన్నీ బంద్. నా ఉత్తరం తెరవవలసిన గుమస్తా సమ్మెలో ఉన్నాడు. నేనూ అదే సమ్మెలో టెంటు కింద కూర్చున్నాను. ఇద్దరం ఒకే మాట అంటున్నాం, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. సమ్మె అయిపోయాక మళ్లీ రాశాను. మరుసటి ఏడు పరీక్ష మళ్లీ రాయవచ్చు కదా అని ఫిజిక్సు సారు అన్నాడు. రాయవచ్చు. పీడనం, ఘనపరిమాణం అని రాస్తే మార్కులు వేస్తారు. నాకు మార్కులు ఇంకో జవాబుకు వద్దు, ఆ జవాబుకు కావాలి.

గడువు అయిపోయింది. గేటు దగ్గర కుర్చీ వేశారు. ల్యాబుకు సర్టిఫికెట్ ఉన్న కొత్త మనిషి వచ్చాడు. మర్యాదస్తుడే. ఒక సాయంత్రం గేటు దాటుతూ ఫిజిక్సు సారు ఆగాడు. ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడి, చెప్పాడు. కొత్తాయన శుభ్రం చేద్దామని గొట్టం లోపల తీగ పెట్టి, నీళ్లతో కడిగాడట. పాదరసం సింకులో పోయిందట.

"తెలియక చేశాడయ్యా," అన్నాడు.

"తెల్వకపోతే అడగాలె గదా సార్," అన్నాను.

నేను ఆ నెలాఖరుకు మానేశాను.

తెలిసినాయన ఒకడు భూపాలపల్లి రోడ్డు మీద లారీ టైర్ల షాపు పెట్టాడు. అక్కడ కంప్రెషర్ దగ్గర గాలి పట్టే పని. బొగ్గు లారీలు ఎడతెగకుండా పోతుంటాయి, రోడ్డు, చెట్లు, నా చొక్కా అన్నీ ఒకే రంగు. షాపు వెనక ఒక అర్ర ఇచ్చాడు. ఇప్పటికీ అందులోనే ఉన్నాను. కంప్రెషర్ మీద ముల్లు కదులుతుంటుంది, చూస్తుంటాను. పెద్ద డబ్బాలోకి గాలిని కుక్కుతుంటే డబ్బా వేడెక్కుతుంది. వేడి మారొద్దు అన్నది ఎందుకో చెయ్యి పెట్టి చూస్తే చాలు. ఒకసారి ఒక డ్రైవరుకు చెప్పబోయాను.

"తాతా," అన్నాడు, "గాలి పట్టుమన్న, పాఠం చెప్పుమన్ననా?"

"రెండూ ఒకటేరా."

"అయితే పాఠం ముందటి టైర్లకు చెప్పు. ఎనకవి మంచిగనే ఉన్నయి."

నవ్వాను. వాడు పోయాడు. అటువంటివాళ్లు రోజుకు ఎంతోమంది వస్తారు, మళ్లీ కనిపించరు. ఆదివారాలు లారీలు తక్కువ. స్టూలు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఒక్క మాట కూడా మాట్లాడని రోజులున్నాయి. సాయంత్రం ఎవరైనా పలకరిస్తే గొంతు ఒకటికి రెండుసార్లు సవరించుకోవాలి.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు రోడ్డంతా గులాల్, పటాకల చప్పుడు. ఎవరో నన్ను కౌగిలించుకుని ముఖానికి రంగు పూశారు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్నాలుగేళ్లప్పుడు ఊరేగింపులో అరిచిన గొంతు, ఇన్నేళ్లకు. రంగు కడుక్కుని, అర్రలో కూర్చుని మళ్లీ దరఖాస్తు రాశాను. ఈసారి పుస్తకం భాష పెట్టలేదు. "నా జాగల మీరుండి చూడుండ్రి. నేను రాసింది తప్పా, కాదా? గది ఒక్కటి చెప్పుండ్రి. సర్టిఫికెట్ ఇప్పుడు నాకెందుకూ పనికిరాదు" అని రాసి, పాత నకలు జతచేసి, రిజిస్టరు పోస్టులో పంపాను.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. మళ్లీ ఎండాకాలం వచ్చింది. పోస్టుమ్యాన్ షాపు ముందు సైకిల్ ఆపి, గాలి పట్టించుకుంటూ కవరు ఇచ్చాడు. సంతకం పెట్టి, చేతులు తుడుచుకుని, కంప్రెషర్ ఆపి చదివాను. ఒకే పేజీ. కింద ఆఫీసు ముద్ర. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పై విషయమునకు సంబంధించి మీ దరఖాస్తు అందినది. మీరు జతపరిచిన నకలును సబ్జెక్టు నిపుణులచే పరిశీలింపజేయడమైనది. ఇట్టి జవాబు సరైనదేనని వారు తెలిపియున్నారు. అయితే నిర్ణీత గడువు ముగిసినందున మీ అసలు జవాబుపత్రము నిబంధనల ప్రకారము చింపివేయబడినది. కావున మార్కులు వేయుటకు పత్రము లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."